విప్పితేనే మజ్జిగ

నందిత నోటీసు బోర్డు దగ్గరికి పరుగెత్తుకుంటూ పోయింది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం నడిచి వచ్చింది. గుమ్మం ముందు చెప్పులు విడిచి, లోపలికి రాకుండా అక్కడే నిలబడింది.

"వార్షికోత్సవం లిస్టు అంటించినారు టీచర్. పైనుంచి కిందికి రెండుసార్లు చదివినాను. మనం యాడా లేము."

చిత్ర పాత క్యాలెండరు కాగితాలను నాలుగు ముక్కలుగా కత్తిరిస్తోంది. వెనకవైపు తెల్లగా ఉండే ఆ కాగితాల మీదే పిల్లలు పొడుపు కథలు రాస్తారు. కత్తెర ఆపి, "చివర్లో ఉండాదేమో, సరిగ్గా చూసినావా?" అంది.

"చివర్లో థ్యాంక్స్ చెప్పేది ఉండాది. దాని కింద గీత గీసేసినారు."

గదిలో ఉన్న పదిమందీ తలలెత్తి చూశారు. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా అందరూ కలిస్తే, నందితతో సహా, పదకొండు మంది. తమిళ నేల మీద, సరిహద్దు దగ్గర మత్తిగిరి దాటాక వచ్చే ఆ ఊరి బడిలో తమిళం సెక్షనుకు నాలుగు గదులు, ఇంగ్లీషు సెక్షనుకు నాలుగు గదులు, తెలుగు సెక్షనుకు ఈ ఒక్క గది, ఒక్క టీచరు. చిన్నవాళ్ళు గుమ్మం పక్కన చాప మీద, పెద్దవాళ్ళు కిటికీ వైపు కూర్చుంటారు. ఒక చేత్తో ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ, నోటితో నాలుగో తరగతికి భాగహారం చెప్పడం చిత్రకు అలవాటైపోయింది.

చివరి పీరియడ్ మాత్రం అందరికీ ఒకటే పాఠం. దీపావళి సెలవుల తర్వాత మొదలుపెట్టింది. రోజుకొకరు తాము చూసిన వస్తువును పేరెత్తకుండా చెప్పాలి. మిగతావాళ్ళు విప్పాలి. పుస్తకంలోవి చెప్పకూడదు, అవ్వ నేర్పినవి చెప్పకూడదు. కళ్ళతో చూసి సొంతంగా కట్టాలి. మొదట్లో అందరూ "ఎర్రగా ఉంటాది, గుండుగా ఉంటాది" అంటూ టమాటా చుట్టూనే తిరిగారు. తరువాత ఒకరోజు నాలుగో తరగతి ధనుష్ లేచి, "పొద్దున మా నాయనను మింగుతాది, సాయంత్రం కక్కుతాది. కక్కేటప్పటికి మా నాయన నిద్రపోతా ఉంటాడు" అన్నాడు. కంపెనీ బస్సు అని విప్పడానికి గది మొత్తానికి ఐదు నిమిషాలు పట్టింది. ఆ రోజు నుంచి పిల్లలు దారిలో కనబడ్డ ప్రతిదాని దగ్గరా ఆగడం మొదలుపెట్టారు. బడికి ఆలస్యంగా వచ్చి, "టీచర్, ఒకటి దొరికింది" అనేవాళ్ళు. చిత్ర కోప్పడలేకపోయేది.

మంచివి ఏరి వార్షికోత్సవంలో స్టేజీ మీద చెప్పిస్తానని ఆమె జనవరిలోనే పిల్లలకు మాటిచ్చింది. పిల్లలు ఇళ్ళల్లో చెప్పుకున్నారు. ధనుష్ అవ్వ కెంచమ్మయితే దారిలో కనబడినప్పుడల్లా, "నా మనవడు స్టేజీలో యా పక్క నిలబడతాడు చిత్రమ్మా? ముందరే చెప్పు, ఆ పక్కనే కుర్చీ పట్టుకుంటాను" అంటోంది.

"నేను పోయి అడిగొస్తాను" అని చిత్ర లేచింది.

హెడ్మాస్టరు నాగేశప్ప గదిలో టేబుల్ మీద బహుమతి పుస్తకాలు పేర్చి ఉన్నాయి. ఆయన ఒక్కోదానికీ రంగు కాగితం చుట్టి, మడత మీద వేలు నొక్కిపెట్టి, పళ్ళతో టేపు తెంపి అంటిస్తున్నాడు. బడిలో కుళాయి కారితే ప్లంబరు కోసం చూడకుండా తనే స్పానరు పట్టుకునే మనిషి. ఇంట్లో ఆయన మాట్లాడేది తెలుగేనని ఊరందరికీ తెలుసు. బడి గేటు దాటి లోపలికి వస్తే మాత్రం తమిళమో ఇంగ్లీషో తప్ప ఆయన నోట ఇంకో మాట రాదు.

"టైము లేదమ్మా" అన్నాడు తమిళంలో, చిత్ర అడగకముందే. "రెండు గంటల్లో పద్నాలుగు ఐటెములు. అతిథిగా వచ్చే ఆఫీసరమ్మ ఐదున్నరకల్లా బయలుదేరాలి."

"ఐదు నిమిషాలు చాలు సార్. నాలుగు పొడుపులు చెప్పి దిగిపోతారు."

"డాన్సయితే చూస్తారు, ఫోటో వస్తుంది. ఊరికే నిలబడి మాట్లాడితే ఎవరు వింటారు? అదీ తెలుగు. ఆఫీసరమ్మకు ఒక్క ముక్క అర్థం కాదు."

"వచ్చి కూర్చునేవాళ్ళలో సగం మంది తెలుగువాళ్ళే కదా సార్."

నాగేశప్ప టేపు చుట్ట కింద పెట్టాడు. "మీ పిల్లలను నేనేమీ వదిలిపెట్టలేదు. వాళ్ళకూ పని ఇచ్చాను. ఎండ కదా, వచ్చినవాళ్ళకు మజ్జిగ అందించాలి. పదకొండు వరుసల కుర్చీలు, మీ దగ్గర పదకొండు మంది. సరిగ్గా సరిపోయారు."

చిత్ర, "సరే సార్" అంది.

వరండాలోకి వచ్చాక గాని అనవలసిన మాటలు ఒక్కొక్కటీ నాలుక మీదికి రాలేదు. పిల్లలను వరుసలతో లెక్క కట్టడమేమిటని అడిగి ఉండాల్సింది. ఆ పద్నాలుగు ఐటెముల్లో ఒకటి రెండు నిమిషాలు తగ్గించమని అడిగి ఉండాల్సింది. ఆరేళ్ళుగా ఈ బడిలో ఆమె 'సరే సార్' అన్న సందర్భాలు వరుసగా గుర్తొచ్చాయి. ఇంగ్లీషు సెక్షను శోభన టీచరు స్పీకరులో పాట పెట్టి, ఇరవై మంది పిల్లలకు చేతులు ఎత్తడం నేర్పిస్తోంది. చిత్రను చూసి పాట ఆపింది.

"ఏమన్నాడు?"

"మజ్జిగ పోయమన్నాడు."

శోభన తన పిల్లల వరుస వైపు చూసింది. "నా డాన్సులో ఇద్దర్ని చేర్చుకుంటాను, పంపించు. వెనక వరుసలో నిలబెడతాను."

"వద్దులే శోభనా. ఇద్దర్ని పంపిస్తే తొమ్మిది మందికి ఏం చెప్పేది?"

మరుసటి రోజు ఆ సంగతి పిల్లలకు చెప్పేటప్పుడు చిత్ర బోర్డు తుడుస్తూ చెప్పింది. వాళ్ళ ముఖాలు చూడకుండా చెప్పడానికి అదొక్కటే దారి దొరికింది.

"మజ్జిగా?" అన్నాడు ధనుష్. "అది పోసేదానికి నేర్చుకునేది ఏముండాది టీచర్?"

"ఉండాది. ఒలకకుండా మోయల్ల."

ఎవరూ ఏడవలేదు. ఒకటో తరగతి పిల్ల ఒకతి మాత్రం, "అయితే మా అమ్మ పనికి లీవు పెట్టేది వద్దని చెప్పేదా టీచర్?" అని అడిగింది. చిత్ర డస్టరు కింద పెట్టి ఇటు తిరిగింది. "వద్దు. రమ్మను" అని మాత్రం అనగలిగింది.

ఇక చేసేదేమీ లేక ఆ పనినే పాఠంగా మార్చింది. వంటగది నుంచి బకెట్టు, చెంబు, ముప్పై స్టీలు గ్లాసులు తెప్పించి ఆవరణలో పెట్టింది. చెంబుడు నీళ్ళు ఎన్ని గ్లాసులవుతాయో పిల్లలు పోసి చూశారు. ఐదో తరగతివాళ్ళు బకెట్టుకు ఎన్నో లెక్క కట్టారు. మూడో తరగతివాళ్ళు ఆ లెక్క తప్పని గ్లాసులతో నిరూపించారు, ఎందుకంటే ప్రతి గ్లాసులోనూ అంచుకు వేలెడు తక్కువ పోయాలని ఐదో తరగతివాళ్ళు మరిచిపోయారు. తరువాత ట్రేలో ఆరేసి గ్లాసులు పెట్టుకుని వేపచెట్టు దాకా నడిచి రావడం. మొదటిరోజు నేలంతా తడిసింది. రెండోరోజు ధనుష్ ట్రే వైపు చూస్తే ఒలుకుతుందని, ఎదుట ఎక్కడో దూరంగా చూస్తే ఒలకదని కనిపెట్టాడు. ఆ తరువాత అందరూ గడ్డం పైకెత్తి, పెళ్ళి ఊరేగింపులో పెద్దమనుషుల్లా నడవడం మొదలుపెట్టారు. ఆ నడక చూసి చిత్రకు మూడు రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది.

గురువారం సాయంత్రం గ్లాసులు కడిగి బోర్లిస్తుంటే నందిత పక్కన వచ్చి కూర్చుంది.

"టీచర్, మజ్జిగ ఇచ్చేటప్పుడు మాట్లాడొచ్చా?"

"మాట్లాడకుండా ఎట్ల ఇస్తావు? 'తీసుకోండి' అనల్ల కదా."

"అదొకటేనా? ఇంకేమన్నా అనొచ్చా?"

చిత్ర గ్లాసు కడగడం ఆపి ఆ పిల్ల వైపు చూసింది. నందిత ఆమె వైపు చూడకుండా, బోర్లించిన గ్లాసు మీద నీటిచుక్కను వేలితో కిందికి నడిపిస్తోంది. వేపచెట్టు దగ్గర తక్కిన పదిమందీ గుండ్రంగా కూర్చుని తలలు దగ్గర పెట్టి ఉన్నారు. మధ్యలో క్యాలెండరు కాగితాలు. చిత్ర తల తిప్పడం చూసి ధనుష్ వాటి మీద కూర్చున్నాడు.

అడగనా వద్దా అనుకుంది చిత్ర. అడిగితే వద్దనాలి.

"మర్యాదగా మాట్లాడల్ల" అంది. "పెద్దోళ్ళను ఎగతాళి చేయకూడదు. స్టేజీ మీద పిల్లోళ్ళు ఆడతా ఉండేటప్పుడు గలాటా చేయకూడదు. అంతే."

నందిత తల ఊపి, లేచి, వేపచెట్టు వైపు పరుగెత్తింది.

శుక్రవారం మూడున్నరకే షామియానా కింద కుర్చీలన్నీ నిండిపోయాయి. గులాబీ తోటల్లో పనిచేసే ఆడవాళ్ళు పని చీరల్లోనే వచ్చి వెనక వరుసల్లో కూర్చున్నారు. రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చిన నాన్నలు షామియానా గుంజలకు ఆనుకుని ఆవులిస్తున్నారు. కెంచమ్మ నాలుగో వరుస చివరి కుర్చీ పట్టుకుంది. స్టేజీ మీద ఆఫీసరమ్మ, పక్కన నాగేశప్ప మైకు పట్టుకుని. ఆమె ధర్మపురి వైపు మనిషి, తమిళం తప్ప రాదని చిత్ర విన్నది.

ప్రార్థన అయింది, స్వాగతం అయింది. శోభన పిల్లల డాన్సు బాగా వచ్చింది. మజ్జిగ డ్రమ్ముల దగ్గర నిలబడి చిత్ర కరివేపాకు, అల్లం అడుగున పేరుకోకుండా గరిటెతో కలుపుతూ, ట్రేలు నింపి ఇస్తోంది. పదకొండు మందీ గడ్డాలు పైకెత్తి బయలుదేరారు.

డాన్సువాళ్ళు దిగిపోయారు, తరువాతి నాటకం పిల్లలు స్టేజీ వెనక కిరీటాలు సర్దుకుంటున్నారు. ఆ సందులో నాలుగో వరుసలో కెంచమ్మ గొంతు లేచింది.

"ఇవ్వరా, నాలుక పీక్కపోతా ఉంది!"

ధనుష్ ట్రేను రెండడుగులు వెనక్కి లాక్కున్నాడు. "విప్పితేనే మజ్జిగ అవ్వా. పళ్ళకు పని చెప్పదు, పొద్దుగూకేదాకా ఆకలి కానీదు. ఏమిది?"

"ఓరి నీ! నాకే పొడుపా?" కెంచమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "సంగటి కాదట్రా? పొద్దున నేను కెలికి పెట్టిందే కదా నువ్వు మింగొచ్చినావు!"

గ్లాసు అందుకుని, తాగకుండా పట్టుకుంది. "ఇప్పుడు నాది విప్పు. విప్పితేనే ఖాళీ గ్లాసు ఇస్తాను. నెత్తిన నోరుండాది, కడుపు లేదు. పిడికెడు పెడితే చుట్టూ రాలుస్తాది."

"మిక్సీ!"

"మిక్సీ చుట్టూ రాలుస్తాదా? మీ అమ్మ మూత పెట్టేది మరిచిపోయిందా?"

ఆ వరుసంతా గొల్లుమంది. పక్క కుర్చీలోని ముసలాయన ఒకరు ముందుకు వంగి, "తిరగలి రా అబ్బీ, తిరగలి. మీ కాలంలో యాడ చూస్తారు?" అన్నాడు. అప్పటికే ఐదో వరుసలో ఇంకో పొడుపు నడుస్తోంది. ఏడో వరుసలో ఒక నాన్న నిద్రమత్తు వదిలి, "కంపెనీ బస్సు!" అని అరిచి, చుట్టూ చూసి సిగ్గుపడ్డాడు. విప్పలేనివాళ్ళు పక్కవాళ్ళను అడుగుతున్నారు. తమిళం వాళ్ళకు తెలుగువాళ్ళు మార్చి చెబుతున్నారు, కన్నడం వాళ్ళు అడ్డం వచ్చి తమది చెబుతున్నారు. ఒకటో తరగతి పిల్ల తన పొడుపు మధ్యలో మరిచిపోయి జవాబే చెప్పేసింది. ఆ వరుసవాళ్ళు ఆ పిల్లకు చప్పట్లు కొట్టారు.

"సైలెన్స్! అమైది! అమైది!" మాట్లాడొద్దంటూ మైకులో నాగేశప్ప గొంతు తమిళంలో గరగరమంది. షామియానా ఒక్కసారి సద్దుమణిగింది. ఆయన స్టేజీ చివరికి వచ్చి వంగి, చిత్రను చేత్తో పిలిచాడు.

గరిటె డ్రమ్ములో వదిలేసి ఆమె వెళ్ళింది. చేతులకు మజ్జిగ అంటుకుని ఉంది. పమిటకు తుడుచుకుంది.

"ఏమిటిది?" అన్నాడు ఆయన, మైకు పక్కకు పట్టుకుని, తమిళంలో.

నాలుక చివరికి 'సారీ సార్' వచ్చేసింది. చిత్ర దాన్ని మింగింది.

"మా ఐటెం సార్. లిస్టులో చోటు దొరకలేదు కదా. వాళ్ళే ఒక చోటు చూసుకున్నారు."

ఆయన ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయేలోగా స్టేజీ మెట్లెక్కి నందిత వచ్చింది. అతిథులకు అందించే పని కూడా ఆ పిల్లదే. ట్రేలో రెండే గ్లాసులు. గడ్డం పైకెత్తే నడుస్తోంది గాని కళ్ళు మాటిమాటికీ గ్లాసుల మీదికి దిగుతున్నాయి. ఆఫీసరమ్మ ముందు వంగి, "తీసుకోండి" అంది. ఆమె తీసుకుంది. తరువాత నాగేశప్ప ముందుకు వచ్చింది.

ఆయన కోపం చిత్ర మీదే ఉంది. అటే చూస్తూ చెయ్యి చాచి గ్లాసు పట్టుకున్నాడు. నందిత ట్రే వెనక్కి లాగలేదు. లాగేంత ధైర్యం ఆ పిల్లకు లేదు. కానీ నోరు తెరిచి, గుసగుసలా చెప్పింది.

"అమ్మను తిప్పితిప్పి కొడితే అక్క పైకి తేలింది, నేను అడుగున మిగిలినాను. నేనెవరు సార్?"

ఆయన రెండో చేతిలోని మైకు ఆ మాటల్ని పట్టుకుని స్పీకర్లలో వినిపించింది. నాగేశప్ప చేతిలోని గ్లాసు వైపు చూశాడు.

"మజ్జిగే కదమ్మా!" అన్నాడు.

అది కూడా స్పీకర్లలో వచ్చింది. తెలుగులో వచ్చింది. బడి ఆవరణలో ఆయన గొంతున ఆ భాష విననివాళ్ళు, వినీ మరిచిపోయినవాళ్ళు అందరూ ఒక్కసారిగా తలెత్తి ఆయన వైపు చూశారు. ఆయనా చేతిలోని మైకు వైపు చూసుకున్నాడు.

"విప్పేసినాడు!" నాలుగో వరుస నుంచి కెంచమ్మ కేకేసింది. "సారుకు మజ్జిగ ఇచ్చేయమ్మా!"

నవ్వు ముందు వరుస నుంచి వెనక గుంజల దాకా పోయింది. ఆఫీసరమ్మ కూడా నవ్వుతోంది, ఎందుకో తెలియకుండానే. నాగేశప్ప వైపు వంగి ఏమిటని అడిగింది. ఆయన తమిళంలో చెప్పసాగాడు. పెరుగు తల్లి, వెన్న అక్క అని జవాబు ముందే బయటపెట్టి, అలా కాదని మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఆమె తన గ్లాసు ఎత్తి చూసుకుని, "అడడా!" అంది. తరువాత నందిత వైపు తిరిగి వేలు చూపించింది. ఇంకొకటి అని.

నాగేశప్ప చేతిలోని లిస్టు వైపు చూశాడు. స్టేజీ పక్కన కిరీటాలు పెట్టుకుని తయారుగా ఉన్న పిల్లల వైపు చూశాడు. లిస్టు మడిచి జేబులో పెట్టుకుని, నడుం వంచి, మైకును నందిత నోటి ఎత్తుకు దించాడు.

"చెప్పమ్మా. ఇంకొకటి చెప్పు."

నందిత చిత్ర వైపు చూసింది. చిత్ర తల ఊపింది.

"ప్లాస్టిక్ ఇంట్లో పుట్టినాను, వాన ఎట్లుంటాదో తెలీదు. విమానం ఎక్కినాను, ఊరు ఎట్లుంటాదో తెలీదు. ముల్లు మాత్రం మరిచిపోలేదు."

ముందు వరుసల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో తేనెటీగ అన్నారు. వెనక వరుసల్లో మాత్రం పని చీరల్లో ఉన్న ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఒకామె ముల్లు గీరుకున్న చేతివేళ్ళు ఒళ్ళో తిప్పి చూసుకుంది. తరువాత పదిమందీ ఒక్క గొంతుతో, "రోజా!" అన్నారు. వాళ్ళు ప్లాస్టిక్ కప్పిన షెడ్లలో పెంచి, విమానంలో పరాయి దేశాలకు పంపే పువ్వు అది. ఆ మధ్యలో నందిత అమ్మ లేచి నిలబడిపోయింది. కూర్చోమని పక్కామె కొంగు లాగుతున్నా ఆమెకు తెలియలేదు.

"నా బిడ్డ" అని మాత్రం అంటోంది. "నేను కోసే పువ్వే అది. నా బిడ్డ చెప్పింది."

పదకొండు మందీ స్టేజీ ఎక్కారు. ఖాళీ ట్రేలు చంకలో పెట్టుకునే ఎక్కారు. ఐదు నిమిషాలని చిత్ర అడిగింది, పన్నెండు నిమిషాలయింది. కిరీటాల పిల్లల నాటకం తరువాత నడిచింది. ఆఫీసరమ్మ బయలుదేరేసరికి ఆరు దాటింది. ఆమె వాచీ కేసి కూడా చూడలేదు.

సోమవారం, మంగళవారం నాగేశప్ప చిత్రను పిలవలేదు. వరండాలో ఎదురుపడితే తల ఊపి వెళ్ళిపోయాడు. స్టేజీ ముందు అన్న మాటకు మెమో వస్తుందేమోనని చిత్ర రెండు రోజులు ఎదురుచూసింది. వస్తే ఏం రాయాలో కూడా ఆలోచించుకుంది. విచిత్రంగా ఆమెకు భయం వేయలేదు.

బుధవారం చివరి పీరియడ్‌లో గుమ్మం దగ్గర నీడ పడింది. నాగేశప్ప. పిల్లలు లేచి నిలబడ్డారు. ఆయన కూర్చోమని సైగ చేసి, లోపలికి వచ్చి, కిటికీ పక్క బెంచీ మీద ఐదో తరగతివాళ్ళ నడుమ ఇరుక్కుని కూర్చున్నాడు. మోకాళ్ళు ముందు బెంచీకి తగిలాయి.

"నా కాడ ఒకటుండాది" అన్నాడు తెలుగులో. "మీరు విప్పుతారేమోనని వచ్చినాను."

చిత్ర చేతిలోని సుద్దముక్క కింద పెట్టింది.

"ఇది నేను కట్టింది కాదు. మా అమ్మ కట్టింది. నేను రెండో తరగతి అప్పుడు. అవ్వలు చెప్పినవి ఈడ చెప్పకూడదంట కదా, అమ్మలు చెప్పినవి చెప్పొచ్చా?"

"చెప్పొచ్చు సార్" అన్నాడు ధనుష్, టీచరును అడగకుండానే.

నాగేశప్ప గొంతు సవరించుకున్నాడు. "బడికి పోతా ముందర నడుస్తాది. ఇంటికి వస్తా ముందర నడుస్తాది. గడప దాటి లోపలికి మాత్రం రాదు."

"నీడ!" అంది నందిత వెంటనే.

"నేనూ అదే అన్నాను" అన్నాడు ఆయన. "మా తరగతిలో పిల్లప్ప అని ఒకడుండినాడు. వాడికి చెప్తే కాదనేసినాడు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నా నీడ ఎనకాలే వస్తాది, మీ అమ్మకు తెలీదు అన్నాడు. కొట్టుకున్నాము. ఇంటికి పోయి అమ్మను అడిగితే, 'నువ్వే చూసుకో పో' అనింది. కోపంతో నేను చూసుకోలేదు. మళ్ళీ అడగనూ లేదు."

"పిల్లప్ప చెప్పిందే కరెక్టు సార్" అన్నాడు ధనుష్. "నా నీడ కూడా ఎనకాలే వస్తాది."

"లేదు, ముందరే నడుస్తాది. నేను రోజూ దాన్ని తొక్కాలని చూస్తాను" అంది నందిత.

"ఎనకాల!"

"ముందర!"

గది రెండుగా చీలిపోయింది. చిత్ర బోర్డు వైపు పోయి బొమ్మ గీయబోయి ఆగింది. కిటికీలోంచి ఎండ చూసింది. ఇంకా మూడుమ్ముక్కాలే.

"లేయండి. బయటికి పోయి చూద్దాం."

పదకొండు మందీ, వాళ్ళ వెనక హెడ్మాస్టరూ ఆవరణలోకి వచ్చారు. పొద్దు పడమట పశువుల ఫారం గోడ మీదికి వాలుతోంది. ఎవరి ఇల్లు ఎటుందో అటు తిరిగి నిలబడమని చిత్ర చెప్పింది. ఆరుగురు గేటు వైపు, తూర్పుకు తిరిగారు. ఐదుగురు ఫారం వైపు, పడమటికి తిరిగారు. ఇక నడవమంది.

నందిత నీడ పొడుగ్గా సాగి ముందర నడిచింది. ఆ పిల్ల దాన్ని తొక్కబోయింది, అది దొరకలేదు. ధనుష్ కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుని పొద్దు వైపు నడిచాడు. నాలుగడుగులేసి గిరుక్కున తిరిగి చూశాడు. నీడ వెనకాల ఉంది.

"పొద్దున్నయితే ఎట్ల?" అంది చిత్ర. "పొద్దు యాడుంటాది?"

పిల్లలు అటు తిరిగారు, ఇటు తిరిగారు. వేళ్ళతో గాలిలో దారులు గీసుకున్నారు. ఇంగ్లీషు సెక్షను కిటికీల్లో తలలు కనిపించాయి. కాసేపటికి శోభన తన పిల్లలను కూడా బయటికి తెచ్చింది. తమిళం సెక్షను పిల్లలు అడగకుండానే వచ్చారు. ఎవరింటి వైపుకు వాళ్ళు నడుస్తూ, గుద్దుకుంటూ, ఆవరణంతా తిరునాళ్ళయింది.

నందిత నాగేశప్ప దగ్గరికి వచ్చింది.

"సార్, మీ ఇల్లు యాడుండింది?"

"కుందారపల్లి. ఊరికి తూరుపు కొసన. బడి పడమట ఉండింది."

"పిల్లప్ప ఇల్లు?"

ఆయన కళ్ళు మూసుకుని చెయ్యి ఎత్తి, గాలిలో ఆ ఊరిని వెతికాడు. "రోడ్డుకు అవతల. బడి దాటుకొని పోవల్ల."

"అయితే ఆయప్పది పడమర" అంది నందిత. "పొద్దునా సాయంత్రమూ పొద్దు ఆయప్ప మొగం మీదే ఉంటాది. మీకు వీపు మీద. ఇద్దరూ కరెక్టే సార్."

నాగేశప్ప గేటు వైపు తిరిగి నాలుగడుగులు నడిచాడు. ఆయన నీడ ముందర నడిచింది. ఆగి, వెనక్కి తిరిగి, పొద్దుకు ఎదురుగా నాలుగడుగులు నడిచాడు. మెడ తిప్పి చూసుకున్నాడు. చుట్టూ పిల్లలు అదే పని చేస్తున్నారు గనుక ఆయనను ఎవరూ వింతగా చూడలేదు.

గంట కొట్టారు. పిల్లలు సంచుల కోసం గదుల్లోకి పరుగెత్తారు. చిత్ర ఆయన పక్కకు వచ్చి నిలబడింది.

"యాభై ఏండ్లు" అన్నాడు ఆయన. "యాభై ఏండ్లు వాడు అబద్ధం చెప్పినాడనే అనుకున్నాను చిత్రమ్మా. వాడూ నన్ను అట్లే అనుకోని ఉంటాడు."

"ఇప్పుడు యాడుండాడు సార్ ఆయన?"

"సామల్పట్టి స్టేషను కాడ టీ అంగడి పెట్టుకోని ఉండాడని ఎవరో చెప్పినారు. చాన్నాళ్ళయింది."

జేబులోంచి ఫోను తీశాడు. ఆదివారం రైలు ఎన్నింటికో చూడటానికి కళ్ళజోడు వెతుక్కుంటూ, ఎండ పడకుండా ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టాడు.